గుడివాడలో కరెంటు పోతే

మా అక్క ఆ పెట్టెను స్టీలు క్యారియర్‌లో ఉంచి, మూత బిగించి, గుడివాడ నుంచి బందరు దాకా బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చింది. మూత ఎందుకు బిగించావని అడిగితే, "మన మాటలు దానికి వినపడకుండా" అంది. కారణం సరైనది కాకపోయినా పని సరైనదే. అన్ని వైపులా లోహం ఉన్న డబ్బాలోంచి సెల్ సిగ్నల్ బయటకు రావడం కష్టం.

నేను బందరులో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధిస్తాను. అక్క ఇంటి మేడ మీది వాటాలో ముగ్గురు నర్సులు అద్దెకు ఉంటున్నారు. వాళ్ల కోసం అక్క అయిదు నెలల క్రితం ఒక పాత ఫ్రిజ్ కొన్నది. కొనిపించినది నేనే. చిలకలపూడి దారిలో దుకాణం ఉన్న మెకానిక్ ఇరవై ఏళ్లుగా మా ఇంటికి వస్తున్నారు. నేను కాలేజీలో ఉన్న వేళ వచ్చి, ఇంట్లో ఒంటరిగా ఉండే మా అత్తగారిని పలకరించి, పని ముగించి, వంటింటి గట్టు తుడిచి మరీ వెళ్తారు. షోరూముల వాళ్లు ఎక్స్ఛేంజ్‌లో తీసుకున్న ఫ్రిజ్‌లను కొని, బాగుచేసి అమ్మడం ఆయన వ్యాపారంలో సగం. అక్క ఫ్రిజ్ కూడా ఆయన అమ్మినదే.

ఆ బుధవారం, ఫ్రిజ్ వెనుక నీళ్ల ట్రే కంపు కొడుతోందని అక్క అడుగు మూత విప్పింది. కంప్రెసర్ పక్కన, రేకుకు కట్టి, నల్ల టేపు చుట్టిన పెట్టె కనిపించింది. నాలుగు అగ్గిపెట్టెలు కలిపినంత ఉంది. ఒక మూల ఆకుపచ్చ దీపం మూడు సెకన్లకు ఒకసారి వెలిగి ఆరుతోంది.

మరునాడు మా ల్యాబులో టేపు విప్పాను. లోపల సిమ్ కార్డు ఉన్న ఒక బోర్డు, చిన్న బ్యాటరీ, ఫ్రిజ్‌కు వచ్చే కరెంటుతో దాన్ని చార్జి చేసే చిన్న సర్క్యూట్ ఉన్నాయి. సిమ్ పనిచేస్తోంది. అంటే ఎవరో నెలనెలా రీచార్జి చేయిస్తున్నారు. ఆ ఒక్క విషయం నాకూ నచ్చలేదు.

"ఇవన్నీ నాకెందుకే? మైకు ఉందా లేదా, అది చెప్పు" అంది అక్క.

బోర్డు అంచున కందిగింజంత మైకు ఉంది.

"ఉంది. కానీ..."

"ఉంది కదా, చాలు."

ఇలాంటి బోర్డులన్నీ మైకుతోనే తయారై వస్తాయి, ఉన్నంత మాత్రాన వాడుతున్నట్టు కాదు, పరీక్షించడానికి రెండు రోజులు కావాలి అన్నది మిగిలిన వాక్యం. అది కూడా చెప్పాను. అప్పటికే అక్క ఫోన్‌లో బావగారితో మాట్లాడుతోంది. ఆమె బస్సెక్కేలోపే నా వాక్యంలోని మొదటి మాట ఒక్కటే గుడివాడ చేరింది.

బావగారు మెకానిక్‌కు ఫోన్ చేశారు. పెట్టెను తాను చూశానని ఆయన దాచకుండా చెప్పారు. మా ప్రాంతంలో వోల్టేజీ హెచ్చుతగ్గులకు భయపడి, పోయిన కరెంటు తిరిగి వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఫ్రిజ్‌కు అందించే డబ్బాలు చాలామంది పెట్టించుకుంటారు. ఇదీ అలాంటిదే అనుకుని, పనిచేస్తున్నదాన్ని కదపడం దేనికని వదిలేశారట. ఆ నిజమే ఆయన మీద నేరమైంది.

"చూశాడట! చూసి వదిలేశాడట! ఆడపిల్లలుండే వాటాకని తెలిసి మరీ!" అంది అక్క ఫోన్‌లో.

అక్క మాట మీద ఆయన దగ్గర ఫ్రిజ్ కొన్న రెండు ఇళ్లు ఆ వీధిలో ఉన్నాయి. ఇక తమ గుమ్మం తొక్కవద్దని ఆ రెండు ఇళ్ల వాళ్లూ ఆయనకు కబురు చేశారు. సోమవారం పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడానికి, పెట్టెలో మైకు ఉందని నేను సంతకం చేసిన కాగితం కావాలన్నారు బావగారు.

"ఉన్నమాటేగా రాయమంటున్నాం" అన్నారు.

ఉన్నమాటే. కాదనడానికి నాకు వీలు లేనిది అందుకే. ఆదివారం దాకా ఆగమని అడిగాను. సాయంత్రం మెకానిక్ గారు ఫోన్ చేశారు.

"మైకుందని మీరే చెప్పారటగా మేడం?"

"చెప్పానండి."

"నిజంగానే ఉందా?"

"ఉందండి."

"అయితే నేనేం చెప్పను మేడం" అని పెట్టేశారు.

ఇంట్లో మగవాళ్లు లేని వేళ ఆడవాళ్లు తలుపు తీయడం మీదే ఆయన బతుకు నడుస్తోంది. ఆ తలుపులు మూసుకుంటే పనితనం ఎంత ఉన్నా చేసేదేమీ లేదు.

శనివారం పెట్టెను ల్యాబు కంప్యూటర్‌కు తగిలించి, కరెంటు కలిపి, స్విచ్ ఆపాను. పది సెకన్లకు అది ఒక నంబరుకు ఫోన్ చేసి, రెండు రింగుల తర్వాత తానే కట్ చేసింది. నాలుగుసార్లు చేసి చూశాను, నాలుగుసార్లూ అంతే. ఇంకో ఫోన్ నుంచి పెట్టెకే కాల్ చేస్తే ఎత్తలేదు; మాటలు వినడానికి పెట్టినదైతే తానే ఎత్తాలి. సిమ్ తీసి పాత కీప్యాడ్ ఫోన్‌లో వేశాను. అందులో ఒకే నంబరు ఉంది. నొక్కాను.

"ఒసేయ్, ఇటు రా! కరెంటు పెట్టె మాట్లాడుతోందే!" అని ఒక మగ గొంతు ఎవరినో కేకేసింది. "ఎవరమ్మా మీరు? పొద్దున్నుంచి నాలుగు ఫోన్లు. నాలుగుసార్లూ చెరువు దాకా పరిగెత్తించారు!"

ఆయన దివిసీమలో, నాగాయలంక అవతల రొయ్యల రైతు. చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు కరెంటు పోయి ఆగితే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. అందుకే కరెంటు పోగానే మిస్డ్ కాల్ ఇచ్చే పెట్టె పెట్టించుకున్నారు. చెరువుల మీద తీగలు, స్టార్టర్లు దొంగలు ఎత్తుకుపోతుంటారు కనుక, దాన్ని షెడ్డులో మందులు దాచే పాత ఫ్రిజ్ వెనుక బిగించారు. ఎక్కడ బిగించారో, అది ఫ్రిజ్‌లో దొరికిందని నేను చెప్పాకే ఆయనకు తెలిసింది.

"నేను కాదండి, మా బావమరిది బిగించాడు. ఎక్కడ పెట్టావురా అంటే చెప్పడు. చెప్తే నేను రెండు పెగ్గులేసి ఊరంతా చెప్తానంట!"

అయిదు నెలల క్రితం ఆయన భార్య ఆ ఫ్రిజ్‌ను బందరులో ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చింది. ఇంటి ఫోన్లతో పాటు పెట్టె నంబరుకూ రీచార్జి చేయిస్తూనే ఉంది. అప్పటి నుంచి ఫోన్ వస్తుంది, ఈయన పరిగెత్తుతారు, ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. పనికిరానిది అంటగట్టాడని బావమరిదితో మాటలు మానేశారు.

"పోయిన మంగళవారం ఎన్నింటికి వచ్చిందో చూసి చెప్తారా?"

"పదకొండూ నాలుగండి. మళ్లీ సాయంత్రం అయిదూ పది."

అక్కకు ఫోన్ చేసి, మంగళవారం కరెంటు ఎప్పుడు పోయిందని మాత్రం అడిగాను. "పదకొండింటికి, మిక్సీలో పచ్చడి సగంలో ఉండగా. సాయంత్రం అయిదింటికి మళ్లీ పోయింది. ఏం?" అంది.

ఆదివారం నాతో గుడివాడ రమ్మంటే మెకానిక్ గారు ఒప్పుకోలేదు. "మీరు చెప్తే చాలు మేడం" అన్నారు. నేను చెప్పడం వల్లే ఇంతదాకా వచ్చిందని, ఈసారి చూపించాలని అంటే బయల్దేరారు.

మేడ మీద నర్సులు, అక్క, బావగారు, ఆ రెండు ఇళ్ల ఆడవాళ్లు నిలబడి చూస్తుండగా ఆయన పెట్టెను దాని చోట బిగించారు. దివిసీమ రైతు తన భార్య ఫోన్ నుంచి నా ఫోన్ స్పీకర్ మీద మాట్లాడుతున్నారు. అక్క ప్లగ్ లాగింది. పది సెకన్లకు అవతల ఆయన సొంత ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది.

"పోయింది! మీ కరెంటు పోయింది!" అని అరిచారాయన.

"మా కరెంటు సంగతి మాకన్నా ఆయనకే బాగా తెలుసన్నమాట" అంది ఒక నర్సు. అందరూ నవ్వారు. మెకానిక్ గారు నవ్వలేదు.

"ఏమనుకోకండి భాయ్" అన్నారు బావగారు. అక్క కాఫీ ఇచ్చింది. ఒకావిడ తన ఫ్రిజ్ కూడా ఒకసారి చూసి వెళ్లమంది. రెండో ఆవిడ, "తర్వాత చెప్తాంలే" అని దిగి వెళ్లిపోయింది. ఇప్పటికీ చెప్పలేదు.

పోయిన నెల మా వాషింగ్ మెషిన్ నీళ్లు వదలకపోతే ఆయన వచ్చారు. వెనుక మూత తీసే ముందు, మోకాళ్ల నొప్పులతో ముందుగదిలో కూర్చున్న మా అత్తగారిని పిలిచారట.

"ఒక్కసారి వచ్చి నిలబడండమ్మా, మూత తీస్తున్నా."

"ఇరవయ్యేళ్లుగా లేనిది, ఇప్పుడెందుకయ్యా?"

"ఉండనివ్వండమ్మా."

ఆమె ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, పని అయ్యేదాకా అక్కడే కూర్చున్నారు. ఇప్పుడు ఆయన వచ్చే రోజు నేను ఒక పీరియడ్ మార్చుకుని ఇంట్లో ఉంటున్నాను. మూత తీశాక లోపల ఉన్నవాటిని ఆయన వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే పేరు చెబుతారు. అవన్నీ నాకు తెలిసినవే. పక్కన నిలబడి చివరిదాకా వింటాను.