జాబితాలో ఏడో పేరు

మా ప్రార్థన మందిరంలో ఆవిణ్ణి అందరూ జాబితా పిన్ని అనేవాళ్లు. ముప్పయ్యేళ్లు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైంది. రాస్తే ముత్యాలే. వారం వారం ఎవరెవరి కోసం ప్రార్థించాలో ఆ పేర్లు ఆవిడ రాసేది, పెద్దగారు చదివేవారు, మేమంతా గొంతు కలిపేవాళ్లం. జాబితాకెక్కడం సులువే. దిగడానికి మాత్రం రెండే దారులు: జబ్బు నయం కావాలి, లేదా మనిషి పోవాలి.

ఏడో పేరు ఆవిడ కొడుకుది. తన మనసు ఆడపిల్లల మీదికి పోదనీ, మగవాళ్ల మీదికే పోతుందనీ పద్దెనిమిదేళ్లప్పుడు తల్లికి చెప్పుకున్నాడు. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. ఆ వారమే పేరెక్కించి పక్కన 'జబ్బు' అని రాసింది. ఏం జబ్బో నలుగురికీ తెలిసిపోయింది, మా నోళ్లు ఊరుకుంటాయా! నాలుగేళ్లు వాడు తల్లి పక్కనే మూడో వరసలో తలొంచుకుని కూర్చున్నాడు. తర్వాత ఇల్లు వదిలి, టైర్ల షాపులో పనిచేసే ఒకతనితో కాపురం పెట్టాడు.

వెళ్తూ ఒకటే అడిగాడు. "ఆ కాగితంలోంచి నా పేరు తీసెయ్యమ్మా. తీసిన రోజు వస్తాను."

ఆవిడ తియ్యలేదు. తీస్తే కొడుకును దేవుడికి దూరం చేసినట్టేనని భయం. ఐదేళ్లు రాస్తూనే ఉంది.

అంతలో భర్త పోయాడు. కొడుకు శ్మశానం గేటు దాటి లోపలికి రాలేదు. మండుటెండలో వాడి తలకు గొడుగు పట్టి, తాను ఎండలో నిలబడ్డాడు ఆ టైర్లతను. పిన్ని అదే చూస్తూ ఉండిపోయింది.

ఆ వారం పెద్దగారు ఆరో పేరు చదివి ఆగారు. "ఏడోది మర్చిపోయారమ్మా. అబ్బాయికి నయమైందా?"

"అసలు జబ్బే లేదండీ. తప్పు రాసింది నేను."



మరుసటి వారం జాబితా రాసింది నేనే, దాచడమెందుకు? నాది కోడి గీకినట్టుండే రాత. ఏడో పేరు పిన్నిదే పెట్టమన్నారు, పెట్టాను. పక్కన 'మతి చెదిరింది' అని రాయమన్నారు, అదీ రాశాను. పెద్దగారు చదివారు, అందరూ గొంతు కలిపారు. పక్కనే కూర్చున్న నేను జాలిపడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని లేచి బయటికి నడిచింది. సిగ్గుతో చచ్చిపోతూ వెనకే వెళ్లాను.

మెట్ల మీద కూలబడి కొడుక్కి ఫోన్ చేసింది. చెవి సరిగా వినపడదు కాబట్టి ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది.

"నీ పేరు తీసేశాన్రా. ఇవాళ నాది చదివారు. ఒక్క నిమిషం కూర్చోలేకపోయాను. నాలుగేళ్లు నువ్వెట్లా కూర్చున్నావురా నాన్నా?"

స్పీకర్లో వాడి గొంతు నాకూ వినపడింది.

"లేచి పోదామనే ఉండేదమ్మా. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఉండేదానివి."