మేకలకు కట్టిన వేపమండ

నా చిన్నప్పుడు మా మార్కాపురం వైపు పల్లెల్లో పురుగుమందు కొట్టిన చేనికి ఒక గుర్తు ఉండేది. గట్టు మీద కర్ర పాతి దానికి వేపమండ కట్టేవాళ్లు. అది మేకలు కాసేవాళ్ల కోసం. తెలియక మంద దిగి ఆ ఆకు మేసి ఒక్క మేక చచ్చినా ఊళ్లో పెద్ద పంచాయితీ అయ్యేది. అందుకే ఎంత తొందరలో ఉన్న రైతయినా మండ కట్టడం మరిచేవాడు కాదు. మనుషుల కోసం మాత్రం ఎవరూ ఏ గుర్తూ పెట్టలేదు. కూలివాళ్లు ఆకు మేయరు కదా, వాళ్లకేమవుతుందని రైతుల ధీమా. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ, కూలికి పోయే మా వాళ్ల ధీమా కూడా అదే.

మా అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. మా అవ్వ, అంటే నాయన తల్లి, మేకలు కాసేది. నోరు పెద్దది. చర్చిలో ఆమె ప్రార్థన చేస్తే వీధి చివరికి వినిపించేది. ఆమెకు ఎదురు మాట చెప్పగలిగింది మా పక్కింటి అక్క ఒక్కతే. అక్కకు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. నాకు జడలు వేసేది, పేలు చూసేది. బడి లేని రోజుల్లో నన్ను పత్తి చేలకు వెంటబెట్టుకుపోయి, సాళ్ల మధ్య మొలిచిన గురుగాకు కూరకని కోయించేది. ఆమె వెంట నడవడమంటే నాకు అంత సంబరం.

ఆ రోజు మంచు బాగా కురిసింది. క్రిస్మస్ దగ్గర పడింది, ఒక్క పూట కూలి కూడా పోగొట్టుకోకూడదని అక్క పట్టుదల. మిగతా ఆడకూలీలతో కలిసి మేము పత్తి తీయడానికి పోయేసరికి గట్టు మీద పచ్చి వేపమండ కట్టి ఉంది. చేను గలాయన అక్కడే నిలబడి, "నిన్న మాపున కొట్టించినాం. రాత్రి మంచుకు అంతా కడుక్కుపోయింటది. ఏం గాదు, దిగండమ్మా" అన్నాడు. అందరూ నమ్మారు. మంచు మందును కడగదని, ఆరిన మందును మళ్లీ తడిపి ఒంటికి అంటిస్తుందని చెప్పేవాళ్లు లేరు.

మా వెనకే మందను తోలుకొచ్చిన అవ్వ మండ చూసి మేకలను ఆపేసింది. "మేకను పోనియ్యరు గానీ ఆడపిల్లల్ని దించుతారా? మీరు పోవాకండి మే" అని అరిచింది. అక్క పకపకా నవ్వింది. "ఆ మండ మేకలకు గదవ్వా! నేనేమన్నా ఆకు మేస్తానా?" అంటూ చీర ఎగదోపి, పత్తి వేసుకోవడానికి నడుముకు ఒడి కట్టుకుని దిగిపోయింది. నేనూ దిగబోయాను. అవ్వ నా నడుముకు మేకతాడు వేసి బిగించింది. "ఈ పొద్దు నువ్వు గూడా నా మేకవే" అంది. గింజుకున్నాను, ఏడ్చాను, అవ్వ చెయ్యి కొరికాను. సాళ్ల మధ్య నుంచి ఆడవాళ్లంతా నన్ను చూసి నవ్వారు. అవ్వ మాత్రం తాడు వదల్లేదు.

పొద్దెక్కాక అక్క సాలులోనే కూలబడింది. గట్టు మీదికి మోసుకొచ్చేసరికి నోట్లో నుంచి నురగ కారుతోంది, ఒళ్లంతా చెమట, కాళ్ల కండలు వాటంతటవే అదురుతున్నాయి. ఎండదెబ్బ అన్నారు. మంచు కురిసే నెలలో ఎండదెబ్బ ఏమిటని ఒక్కరూ అడగలేదు. మజ్జిగ తాగించబోయారు, కొంగులతో గాలి విసిరారు. నడుము దాకా తడిసిన చీర, పత్తితో ఉన్న ఒడి అలాగే ఒంటికి అంటుకుని ఉన్నాయి.

బండి కట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. వెంట అవ్వ పోయింది. అక్కడ నర్సమ్మ మొదట అడిగిన మాట, "ఇంతసేపు ఈ బట్టల్లోనే ఉంచినారా?" అని. మందు నోట్లోకి పోనక్కర్లేదని, తడి బట్టలో నుంచి చర్మం గుండా లోపలికి పోతూనే ఉంటుందని ఆమె చెప్పిందట. చీర కత్తిరించి, సబ్బు నీళ్లతో ఒళ్లంతా కడిగారట. ఆలస్యమైపోయింది. పొద్దుగూకకముందే అక్క ప్రాణం పోయింది.

నన్ను కట్టేసి కాపాడిన మా అవ్వ, అక్కను కట్టేయలేకపోయానని బతికినన్నాళ్లూ కుమిలింది. ఆ తర్వాత ఆమె గట్టిగా ప్రార్థన చేయడం నేను వినలేదు.

ఇప్పుడు నేను ఆడవాళ్లను మిరప చేలకు తీసుకుపోయే మేస్త్రిని. మందు ఎప్పుడు కొట్టారో అడగందే, డబ్బా చూపించమనందే ఎవరినీ చేలో దించను. మందు కొట్టాక ఇంతకాలం చేలో దిగకూడదని డబ్బా మీద రాసిన గడువు తీరకపోతే ఆటో వెనక్కి తిప్పిస్తాను. రైతులు విసుక్కుంటారు, కూలి పోయిందని మావాళ్లూ తిడతారు. తిట్టనీ, నాకేం బాధ లేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మా మనవడు చేతులు చాచుకుని ఎదురొస్తాడు. నేను వాణ్ణి ముట్టుకోను. పెరట్లోకి పోయి, చీర విప్పి విడిగా బకెట్లో నానేసి, తల నుంచి పాదాల దాకా సబ్బుతో రుద్దుకున్నాకే వస్తాను. అంతసేపూ వాడు తలుపు దగ్గర గుక్కపట్టి ఏడుస్తాడు. ముసల్దాని మనసు రాయి అని మా కోడలు అనుకుంటుందేమో. అనుకోనీ. వాడి ఏడుపు వింటూ గబగబా నీళ్లు పోసుకుంటాను. బతికున్న బిడ్డే కదా అంత గట్టిగా ఏడ్చేది.