చదివి వినిపించనిదే సంతకం పెట్టని మాస్టారు

మా కాలేజీ ఇంగ్లీషు మాస్టారు పోయారన్న కబురు నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పటమట సెంటర్లో ఫ్లెక్సీ మీద చదివాను. పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం వెళ్తే రెండు కరెంటు స్తంభాల మధ్య ఆయన ముఖం వేలాడుతోంది. కింద ‘అశ్రునివాళి’. పక్కన ఆయనకంటే పెద్దగా, నల్లకోటు వేసుకుని, చేతులు జోడించి నవ్వుతున్న, పిల్లల్ని అమెరికా చదువులకు పంపే కన్సల్టెన్సీ యజమాని. చావు ఫ్లెక్సీలో కూడా పళ్ళికిలించే మనుషులు మా ఊళ్ళోనే ఉంటారు. ఇద్దరి నెత్తినా అమెరికా యూనివర్సిటీల ముద్రలు, పెళ్ళి పందిరికి సీరియల్ బల్బులు కట్టినట్టు వరసగా. కింద మూలన మా కాలేజీలో చదివిన ఒక అమ్మాయి ఫొటో, ‘మా విద్యార్థిని’ అని. మాస్టారి పేరు కింద ‘మా సంస్థ గౌరవ సలహాదారు’ అని. పాలు కొనకుండానే ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చాను. సగం ఆయన పోయినందుకు, సగం ఒళ్ళుమండి.

సలహాదారట! ఆ కన్సల్టెన్సీ మెట్లు ఆయన ఒక్కసారే ఎక్కారు, అదీ పోట్లాటకు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను లెక్కలు చెప్పే జూనియర్ కాలేజీలోనే ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. రిటైరయ్యాక కూడా అడిగితే వచ్చి పాఠం చెప్పి వెళ్ళేవారు. చొక్కా జేబులో పెన్నుకు బదులు సుద్దముక్క ఉండేది. జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఆయన భార్య ఉన్నన్నాళ్ళూ ఆ జేబు గురించి తిట్టేవారట, ఆవిడ పోయాక తిట్టేవాళ్ళు లేక జేబు ఇంకా తెల్లబడింది. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. ఎవరైనా గొప్పలు చెప్తుంటే ఆ ఊదడం కాస్త గట్టిగా వినపడేది.

అమెరికాలో బాగా పేరున్న యూనివర్సిటీలకు పెట్టుకునే పిల్లల గురించి, పాఠం చెప్పిన మాస్టారు ఒక సిఫారసు లేఖ రాయాలి. మా ఊళ్ళో దాన్ని మాస్టార్లు రాయరు. కన్సల్టెన్సీ వాళ్ళే కొట్టించి తెస్తారు. దానికి ‘శాంపిల్’ అని ముద్దుపేరు. మా స్టాఫ్ రూములో మిరపకాయ బజ్జీలు తింటూ నూనె చేత్తోనే సంతకాలు గీకిపారేసేవాళ్ళున్నారు. ఆ లేఖల్లో ప్రతి పిల్లాడూ పుట్టు నాయకుడే. వెనక బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు కూడా ‘తరగతికి స్ఫూర్తి’.

మాస్టారి పద్ధతి వేరు. లేఖ తనే రాసేవారు. రాసి, ఆ పిల్లనో పిల్లాణ్ణో తన వరండాలో నిలబెట్టి, తల్లిదండ్రుల ముందు పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పి, అప్పుడు సంతకం పెట్టేవారు. “మొహం మీద చెప్పలేని మాట వెనకాల రాయకూడదమ్మా, అది పొగడ్తయినా సరే,” అనేవారు నాతో. అంతే, జనం ఆ వరండా వైపు రావడం మానేశారు. అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళకు నిజం వినే ఓపిక ఎక్కడిది!

ఒకసారి ఒక బిల్డరుగారు కొడుకును, శాంపిల్‌నూ వెంటబెట్టుకుని వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. చేనేత కార్మికులను ఉద్ధరించడానికి కుర్రాడు ఒక సంస్థ పెట్టాడని, దానికి వ్యవస్థాపక అధ్యక్షుడని శాంపిల్లో ఉంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు.

“నాయనా, మగ్గం మీద కూర్చున్నప్పుడు నేసేవాళ్ళ కాళ్ళెక్కడుంటాయి?”

కుర్రాడు తండ్రి వైపు చూశాడు. “చెప్పులు బయటే విప్పేస్తారండీ,” అన్నాడు.

“కాళ్ళు గుంటలో ఉంటాయి నాయనా. గుంట తవ్వి, కాళ్ళు అందులో పెట్టుకుని నేస్తారు. వెళ్ళి ఒకసారి సరిగ్గా చూసిరా, రాద్దాం.”

“చూడ్డానికి టైమెక్కడుందండీ మాస్టారూ, డెడ్‌లైను నెత్తిమీదకొచ్చింది,” అన్నారు బిల్డరుగారు. “ముందు మీరు సంతకం పెట్టేయండి, కాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం.”

మాస్టారు టీ ఊదుకున్నారు. బిల్డరుగారు విసవిసా వెళ్ళిపోయి, ఆ మధ్యాహ్నమే మా స్టాఫ్ రూములో నూనె సంతకం ఒకటి సంపాదించారు.

ఆ కుర్రాడొక్కడే అయితే పోనీ అనుకోవచ్చు. ఆ కన్సల్టెన్సీ వాళ్ళు ఆ యేడు పిల్లలందరినీ ఒకే ఏసీ బస్సులో పెడన దగ్గరికి తీసుకెళ్ళి, ఒకే మగ్గం దగ్గర, ఒకే ముసలాయన పక్కన కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. అందరూ అధ్యక్షులే, సభ్యుడు ఒక్కడూ లేడు. దరఖాస్తుతో పాటు పంపే అందరి వ్యాసాల్లోనూ ఆ ముసలాయన నేత వృత్తి చచ్చిపోతోందని చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ ముసలాయన మనవరాలు మా కాలేజీలోనే చదివేది. గుణదలలో మేనత్త ఇంట్లో ఉండేది. ఫ్లెక్సీ మూలన ఉన్న ఫొటో ఈ పిల్లదే. లెక్కల్లో గట్టిది. ఖర్చంతా యూనివర్సిటీ భరిస్తేనే వెళ్ళగలదు, లేకపోతే లేదు. అలా ఇచ్చేవి బాగా పేరున్న కొన్నే, వాటిలో సీటు రావడమే గగనం. ఎవరో చెప్పారని వాళ్ళ నాన్న ఆ కన్సల్టెన్సీకే తీసుకెళ్ళాడు. అక్కడి మేధావులు, “నేత కథ ఈ యేడు చాలామంది వాడేశారమ్మా, నీది కాపీలా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బులాంటిదేమైనా ఉందా?” అని అడిగారట.

సొంత తాత కథ ఆ పిల్ల నోట కాపీ అయిపోయింది! సిగ్గన్నది ఏ కోశానా లేని మనుషులు.

మాస్టారు గొడుగు పట్టుకుని ఆ మెట్లెక్కింది అప్పుడే. నేనూ వెంట వెళ్ళాను.

“వాళ్ళ తాత ఏడ్చాడని మీకెవరు చెప్పారు?”

“ఎమోషనల్ కనెక్ట్ కోసమండీ,” అన్నాడు నల్లకోటాయన.

“ఆయన కంటికి శుక్లం ఆపరేషనైంది. అందుకని నీరు కారుతుంది. చుక్కల మందు వేయించండి, మీ కనెక్ట్ తగ్గుతుంది.”

కిందికి దిగాక మెట్ల మీద కూర్చుండిపోయారు. “చదువు చెప్పినన్నాళ్ళూ చెప్పి, ఈ దొంగ ఏడుపుల కోసమా తల్లీ మనం వీళ్ళకి ఇంగ్లీషు నేర్పింది?” అన్నారు.

ఆ పిల్ల మొదట రాసుకొచ్చిన వ్యాసాన్ని కూడా ఆయన వదల్లేదు. అందులో మగ్గం పాట పాడింది, దారాలు మాట్లాడాయి. “దారాలు మాట్లాడతాయా మీ ఇంట్లో?” అని అడిగారు. “లేదండీ. నాకసలు మగ్గం అంటేనే విసుగండీ. నడుం పట్టేస్తుంది. లెక్కలు చేసుకుంటుంటే ఎవరూ నేయమని పిలవరని లెక్కలు పట్టుకున్నా,” అంది. “అదీ! అది రాయి,” అన్నారు. రాసింది. అంత నిజం రాస్తే సీటు రాదని మా ప్రిన్సిపాల్ గారు తల కొట్టుకున్నారు.

మాస్టారు ఆ పిల్ల గురించి రాసిన లేఖ చదివిన రోజు నాకింకా గుర్తే. “ఈ అమ్మాయి వాదిస్తుంది. తన తప్పు తెలిసినా ఆ పూటకు ఒప్పుకోదు. మర్నాడు తనే వచ్చి ఒప్పుకుంటుంది. ఇలాంటివాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు.”

“పూట కాదండీ, ఓ గంటలో ఒప్పేసుకుంటా,” అంది పిల్ల.

“చూశావా, వాదిస్తున్నావు,” అని సంతకం పెట్టేశారు. వాళ్ళ నాన్న నవ్వాలో భయపడాలో తెలియక కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఫలితాలు వచ్చేసరికి మాస్టారు ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. యూనివర్సిటీలు ఒకదాని తర్వాత ఒకటి వద్దన్నాయి. ఒక్కటి మాత్రం రమ్మంది, ఖర్చంతా తామే భరిస్తామంది. ఆ పిల్ల మంచం పక్కన నిలబడి, ఆయన పద్ధతిలోనే, వాళ్ళు పంపిన లేఖ మొత్తం పైకి చదివి తెలుగులో అర్థం చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

“అయితే అక్కడెవరో నిజంగానే చదివారన్నమాట,” అన్నారు. నేను విన్న ఆఖరి మాట అదే.

దహనం అయిన మర్నాడు నేనూ, ఆ పిల్లా, వాళ్ళ నాన్నా ఫ్లెక్సీ దించేయడానికి వెళ్ళాం. నల్లకోటాయన పక్కనే ఉన్న తన ఆఫీసు మెట్లు పరుగున దిగొచ్చాడు. ఆ రోజు కోటు లేదు, ఎండ మరి.

“అదేంటి మేడమ్, గౌరవంగా వేయించాం కదండీ! పబ్లిసిటీ మాస్టారికే కదా!”

ఆ పిల్ల నాకంటే ముందే అందుకుంది. “సార్, దీన్ని ఇక్కడ నిలబడి పైకి చదవండి. మాస్టారు మీ సలహాదారని, నేను మీ స్టూడెంట్‌నని. అందరికీ వినపడేట్టు చదివితే ఉంచేస్తాం.”

ఆటో స్టాండులో వాళ్ళు తలలు తిప్పారు. టీ కొట్టు దగ్గర గ్లాసులు ఆగాయి. “గౌరవ సల...” అని మొదలుపెట్టాడు. అంతటితో ఆగిపోయింది. మోగని ఫోను చెవిన పెట్టుకుని మెట్లెక్కేశాడు. వాళ్ళ నాన్న తాళ్ళు కోశాడు.

మొన్న వేసవి వానకు ముందు పెడన వెళ్ళాను. వాళ్ళ మగ్గాల పాక కప్పు కారుతుంటే ఆ ఫ్లెక్సీనే పైన పరిచి, రాళ్ళు పెట్టారు. నల్లకోటు ముఖాన్ని ముందే కత్తిరించి పిడకల బస్తాల మీద కప్పేశారు. మిగిలిన ముక్కను మాస్టారి బొమ్మ పాక లోపలికి వచ్చేట్టు వేశారు. ఒక పక్క అంచు మడతపడి యూనివర్సిటీల ముద్రలు మాత్రం పైకి తిరిగాయి.

వాన మొదలైంది. ముద్రల మీద నీళ్ళు టపటపా కొడుతున్నాయి. లోపల తాత గుంటలో కాళ్ళు పెట్టుకుని, కారుతున్న కన్ను భుజంతో తుడుచుకుంటూ నేస్తున్నాడు. ఆ చేతులకు సరిగ్గా పైన, తెల్లబడ్డ జేబుతో మాస్టారు వంగి చూస్తున్నారు.