ఫర్హానాకి పప్పు మిగల్చని విందు

ఒక మనిషికి వీడ్కోలు విందు ఏర్పాటు చేసి, ఆ మనిషిని తప్ప మిగతా అందరినీ కడుపు పగిలేలా తినిపించిన ఘనురాలిని మీరు ఇంతవరకూ చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే. ఇది ఏ సామాన్యులకీ సాధ్యమయ్యే పని కాదు. దానికి బోలెడంత ముందస్తు తయారీ కావాలి, తెలివి కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా తెలివి ఉందన్న నమ్మకం కావాలి. ఆ మూడోది నా దగ్గర దండిగా ఉండేది.

అప్పటికి నేను కాకినాడ నుంచి హైటెక్ సిటీకి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆఫీసులో నా పని కస్టమర్లని ప్రశ్నలడిగి, వాళ్ళకేం కావాలో తెలుసుకుని, ప్రోగ్రాములు రాసేవాళ్ళకి చెప్పడం. అంటే అడగడానికే నాకు జీతం. జీతం ఇవ్వకపోయినా నేను అడిగేదాన్ననుకోండి, అది వేరే సంగతి.

మా టీములో ఫర్హానా ఉద్యోగం మారి బెంగుళూరు వెళ్ళిపోతోంది. టోలీచౌకి అమ్మాయి, మా అందరికీ ప్రాణం. పండగ వస్తే చాలు, పెద్ద డేగిశా నిండా బిర్యానీ తెచ్చి టీమంతటికీ పెట్టేది. అలాంటి పిల్లకి విందు పెట్టే బాధ్యత మా మేనేజరు భాస్కర్రావు గారు నాకు అప్పగించారు.

"చూడమ్మా లావణ్యా, ఎవరికేం కావాలో కనుక్కుని తెప్పించు. తిండి మిగలకూడదు, ఎవరూ ఆకలితో లేవకూడదు" అన్నారు.

ఇంకొకరైతే నాలుగు రకాలు ఆర్డరిచ్చి ఊరుకునేవారు. నాకేమో ఎప్పట్నుంచో ఒక కుతూహలం. మా ఇంట్లో చేప మాంసం కిందకి రాదు, వంకాయ బెండకాయల పక్కన కూరగాయల కోవలోకి వస్తుంది. కోడి అంటే చుట్టాలొచ్చిన రోజు. వేటమాంసం అంటే నాన్నగారికి ఉత్సాహం పుట్టిన ఆదివారం. మరి మిగతా జనం ఏది ఎన్నాళ్ళకోసారి తింటారు? ఇలాంటి గొప్ప ప్రశ్న బుర్రలో పెట్టుకుని ఎవరైనా ఊరికే కూర్చుంటారా, మీరే చెప్పండి.

ముందు భాస్కర్రావు గారినే అడిగాను. "సర్, మీరు మాంసం ఎన్నాళ్ళకోసారి తింటారండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనా? మానేశానమ్మా. డాక్టరు వద్దన్నాడు, మా ఆవిడ అంతకన్నా గట్టిగా వద్దంది. ఎప్పుడైనా ఓ చేపముక్క. అదీ, మీ కాకినాడ లెక్కలో, కూరగాయే కదా!"

తర్వాత పద్మజ గారు. టెస్టింగ్ చూస్తారు, గుంటూరు వైపు వాళ్ళు. "ఆదివారం మాత్రమేనమ్మాయ్. అదీ పిల్లలు ఊరుకోక. నేను ముక్క ముట్టను, కాస్త పులుసు పోసుకుంటానంతే" అన్నారు, ఉపవాసంలో ఉన్నంత పవిత్రంగా.

తర్వాత శ్రీకాంత్. కరీంనగర్ పిల్లాడు, కొత్తగా జిమ్ములో చేరాడు. "మటనా? ముట్టుడే లేదక్కా. ట్రైనర్ వద్దన్నడు. ఉడకవెట్టిన కోడి, గది సుత ఉప్పు లేకుంట. ఏందక్కా గట్ల జూస్తున్నవ్? నిజంగనే చెప్తున్న!"

ఇంక రోజు కుదర్చాలి. సోమవారం శ్రీకాంత్ ఏమీ ముట్టడు, వాళ్ళమ్మ మొక్కు. మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, ఈ ముగ్గురూ పద్మజ గారి లెక్క. బుధవారం ఒక్కటే ఏ దేవుడి కంటా పడకుండా మిగిలింది. ఎప్పుడో ఒకసారి తినేవాళ్ళు, తినకూడని రోజుల్ని ఇంత శ్రద్ధగా ఎందుకు కాచుకుంటారన్న అనుమానం మీకు వచ్చింది కదూ? నాకు రాలేదు.

చివరగా ఫర్హానా. ఈమెని అడగడం ఉత్తి లాంఛనమే అనుకున్నాను.

"అరే యార్, నాకు మాంసం పెద్దగా పడదు" అంది. "ఈద్ రోజు అమ్మీ కోసం ఒక ముక్క తింటా. ఇంట్లో నాకు ఖట్టీ దాల్, చావల్ ఉంటే చాలు, బస్."

నేను పకపకా నవ్వేశాను. "మొహమాటం ఎందుకే? అంత బిర్యానీ తెస్తావు, నువ్వు తినవా?"

"అది మీ కోసం తెస్తా! ప్రతి ఈద్‌కీ ఒక నెల ముందు నుంచి బిర్యానీ, బిర్యానీ అని అడుగుతరు గదా? నన్ను ఎవరైనా అడిగినారా, నువ్వేం తింటావని?"

"ఇప్పుడు నేను అడుగుతున్నాగా?"

"చెప్పినా గదా మరి!"

"సరే సరే" అని కన్ను గీటి వచ్చేశాను. పాపం, ఖర్చు అవుతుందని వెనకాడుతోంది, ఎంత మంచి పిల్ల అనుకున్నాను. నలుగుర్ని అడిగి, ముగ్గురి అబద్ధాలు నమ్మి, నిజం చెప్పిన ఒక్కదాన్నీ నమ్మకుండా రావడానికి ఎంత ప్రతిభ ఉండాలో ఆలోచించండి.

ఖాజాగూడలో ఒక వంటాయనకి ఆర్డరిచ్చాను. మాంసం మానేసిన మహానుభావులకి ముద్దపప్పు, గుత్తివంకాయ, బెండకాయ వేపుడు. ఫర్హానా కోసం ప్రత్యేకంగా ఒక హండీ మటన్ బిర్యానీ, మూలుగ నిండిన నల్లి బొక్కలు వేసిన మటన్ కూర. పప్పంటే ఇష్టమందిగా, ఆ ముచ్చటా తీరుద్దామని దాల్చా కూడా చెప్పాను. దాల్చాలోనూ మటనే.

బుధవారం మధ్యాహ్నం పెద్ద మీటింగ్ గదిలో బల్లల మీద అన్నీ పరిచాం. హండీ మూత తీసేసరికి ఆ వాసన ఏసీ గాలిలో కలిసి గదంతా తిరిగింది. కంప్యూటర్ సర్వరు ఆగిపోయి కస్టమరు అరుస్తున్నప్పుడు కూడా మావాళ్ళ మొహాల్లో అంత వేదన చూడలేదు.

"సర్, ఇవి మీకండి" అని పప్పు, వంకాయ ఆయన ముందుకి జరిపాను. "బిర్యానీ ఫర్హానాది. మీరు మానేశారుగా."

"అవునవును" అన్నారు భాస్కర్రావు గారు, హండీ వైపు చూస్తూ. పద్మజ గారు శ్రీకాంత్‌ని చూశారు. శ్రీకాంత్ భాస్కర్రావు గారిని చూశాడు. ఎవరు ముందు బయటపడతారా అని ముగ్గురూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ, ఆ కోపమంతా పప్పు మీద చూపించారు. పప్పన్నాన్ని అంత పగతో తినడం నేనెక్కడా చూడలేదు.

ఇంతలో అసలు అతిథి ఫర్హానా వచ్చింది. వెళ్ళిపోయేముందు కాగితాల పని చూసుకుని రావడంలో ఆలస్యమైంది. ఆకలిగా కూర్చుని, "పప్పు ఇటు ఇవ్వండి" అంది.

పప్పు గిన్నె అడుగు తళతళా మెరిసిపోతోంది. వంకాయ లేదు. బెండకాయ లేదు.

"దాల్చా ఉందే!" అన్నాను హుషారుగా. గరిటె ముంచితే ఒక ఎముక పైకి తేలింది.

ఫర్హానా నన్ను చూసింది. "లావణ్యా, నేను ఏం చెప్పినా నీకు?"

"మొహమాటం అనుకున్నానే..."

"మొహమాటం ఎందుకు యార్? నాకు ఇష్టం లేదు, అంతే. మూడు సంవత్సరాల నుంచి చెప్తున్నా. ఒక్కరు కూడా నమ్మరు!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతోంది గానీ ఆ కళ్ళల్లో ఏదో ఉంది. నేను గరిటె కింద పెట్టేశాను. ఇన్నాళ్ళూ ఆమె డేగిశాల చుట్టూ మూగినవాళ్ళం ఒక్కసారీ ఆమె డబ్బాలోకి తొంగి చూడలేదు.

భాస్కర్రావు గారు లేచారు. సీటు దగ్గరికెళ్ళి తన క్యారియర్ తెచ్చి ఫర్హానా ముందు పెట్టారు. "మజ్జిగన్నం తల్లీ. అల్లం, పచ్చిమిర్చి వేసింది మా ఆవిడ. నువ్వు తిను. ఇక ఈ బిర్యానీ సంగతి... తిండి వృథా చెయ్యడం మహాపాపం కదా, పద్మజ గారూ?"

"మహాపాపమండి!" అన్నారు పద్మజ గారు. అప్పటికే పళ్ళెం చేతిలో ఉంది.

తర్వాత జరిగింది వర్ణించడం నా వల్ల కాదు. పులుసు మాత్రమే పోసుకునే పద్మజ గారు ముక్కల్ని హండీ అడుగునుంచి ఏరి తెచ్చారు. ఉప్పు లేని కోడి తినే శ్రీకాంత్, "సర్, నల్లి బొక్కను గట్ల నాకుతె రాదు. పళ్ళెంకేసి కొట్టాలె, జర గట్టిగ!" అని మేనేజరుకి పాఠం చెప్పాడు. ఆయన కొట్టారు. మూలుగ జారింది. ఆయన కళ్ళు మూతపడ్డాయి.

పక్కన ఫర్హానా మజ్జిగన్నం జుర్రుకుంటూ, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. ఎంత చక్కటి దృశ్యం! నేను ఫోటో తీసి, 'మా ఫర్హానాకి ప్రేమతో' అని రాసి, వాట్సాప్ స్టేటస్ పెట్టేశాను.

నా నంబరు ఎవరెవరి దగ్గరుందో ఆలోచించాలని తోచలేదు. కాకినాడ కాజాలు తెప్పించమని చెప్పడానికి భాస్కర్రావు గారి భార్య నా నంబరు తీసుకున్నారు, పాపం మంచి మనిషి. కాసేపట్లోనే ఫోన్ మోగింది. చెయ్యి జిడ్డుగా ఉందని స్పీకర్ నొక్కాను.

"లావణ్యా, ఫోటో బాగుందమ్మా. సర్ పక్కనే ఉన్నారా?"

గదిలో నమలడం ఆగిపోయింది.

"ఏమండీ" అందా గొంతు, ఎంతో మృదువుగా. "కడుపులో బాగాలేదని పొద్దున్న మజ్జిగన్నం కలిపించుకుని వెళ్ళారు. చేతిలో ఏమిటది?"

"ఇదా... ఇది ఫర్హానాది" అన్నారాయన. "ఊరికే పట్టుకున్నాను."

"మరి నా మజ్జిగన్నం?"

ఇన్నాళ్ళకి తన మాట నమ్మే మనిషి దొరికిందన్న ఆనందంలో ఫర్హానా ఫోన్ దగ్గరికి వంగి గట్టిగా అంది: "మొత్తం నేనే తిన్నా ఆంటీ! బహుత్ అచ్ఛా ఉంది! సర్‌కి ఒక్క ముద్ద సుత మిగల్చలే!"

అంతే. ఆ సాయంత్రం భాస్కర్రావు గారు ఇంటికి ఎంత నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళారో ఆయనకే తెలుసు. మర్నాడు నాతో మాట్లాడలేదు. ఆ మర్నాడు మాట్లాడారు గానీ, డబ్బా తెరిచి అందులో ఉడకబెట్టిన సొరకాయ నాకు చూపించి మరీ మాట్లాడారు.

అందుకని, నల్లి మూలుగ సాక్షిగా శపథం చేస్తున్నాను. ఏ మనిషినీ ఏ మాంసం ఎన్నాళ్ళకోసారి తింటావని ఈ జన్మలో అడగను. ఇకమీదట నా చేతి విందులో 'మాంసం తినం' అన్న ప్రతివాళ్ళకీ ముందు పప్పే వడ్డిస్తాను. నిజం చెప్పినవాళ్ళకి అదే విందు, అబద్ధం చెప్పినవాళ్ళకి అదే శిక్ష. ఫోటోలు మాత్రం, అందరూ చేతులు కడుక్కున్నాకే.