బోరు గుర్తు ఎంత నల్లగా ఉండాలి

కణేకల్ వైపు కాలువ నీళ్లు అందని మెట్ట పొలాలకు పైపులైను వేసే పనిలో డ్రాయింగులు గీయడం నా బాధ్యత. గీత మందం, గీత నలుపు నాకు అలంకారాలు కావు. కాగితం చూసి తవ్వే మనిషికి, నేల మీద ఇప్పటికే ఉన్నదేదో, కొత్తగా రాబోయేదేదో ఒక్క చూపులో తెలియాలి. ఉన్నది లేతగా, రాబోయేది నల్లగా. ఆ నియమాన్ని ఎక్కడా సడలించనవసరం లేదని అనుకునేదాన్ని.

ఒకనాటి ఉదయం సైటు నుంచి ఫోన్ వచ్చింది. ఒక మహిళా రైతు, తవ్వే యంత్రానికి అడ్డంగా మంచం వేసుకొని కూర్చుందట. నేను వెళ్లేసరికి యంత్రం ఆగి ఉంది. వేరుశనగ చేనులో నులక మంచం, దాని మీద ఆమె, ఆమె ఒళ్లో మా డ్రాయింగు. పక్కన ఆమె మరిది నిలబడి వినోదం చూస్తున్నాడు.

“ఏమ్మా ఇంజనీరమ్మా, నా బోరు నీకేం జేసినాది? సుట్టూ అందరి బోర్లూ ఎండిపాయ. ఇదొక్కటే నీళ్లు పోస్తాండాది. దీని మింద నుంచే పైపు ఏసినావే!”

ఆమె వేలు పెట్టిన చోట నిజంగానే ఒక నల్లని గీత బోరు గుర్తును ఒరుసుకొని పోతోంది. అయితే అది పైపు కాదు, ఆమె పొలానికీ మరిది పొలానికీ నడుమ ఉన్న హద్దు. అసలు పైపు గీత అవతల బండిదారి అంచున ఉంది. రెండూ ఒకే నలుపుతో పడ్డాయి.

కారణం వెంటనే తెలిసింది. సర్వే వాళ్లు గీసిన పటాన్ని మా డ్రాయింగు కింద రెఫరెన్సుగా తగిలిస్తాం. సాఫ్ట్‌వేర్ దాన్ని తెర మీద తనంతట తానే లేతగా చూపిస్తుంది. ఆ లేతదనం కంటికి మాత్రమే. కాగితం మీద అచ్చువేసే ప్లాటర్‌కు దానితో పని లేదు. కాగితం మీద కూడా లేతగా పడాలంటే, ఏ రంగు గీత ఎంత నలుపుతో అచ్చవ్వాలో చెప్పే పట్టికలో ఆ మాట విడిగా నమోదు చేయాలి. ఆఫీసులో ప్రింటు తీసినవారు తెరను నమ్మారు.

“అక్కా, ఇది హద్దు గీత. రేపు స్పష్టమైన కాగితం తెస్తాను.”

“తెచ్చేదాకా నా మంచం ఈడే ఉంటాది.”

“లేయ్ వదినా, ఈ ఎండకు చెనక్కాయ మాదిరి వేగిపోతావు,” అన్నాడు మరిది.

“నోరు మూసుకోప్పా. నీ బోరెండితే నా నీళ్లే కదా తాగతాండావు!”

ఆ సాయంత్రం రెఫరెన్సు పటంలో హద్దులు, దారులు, బోర్లు అంటూ విడివిడిగా ఉన్న పొరలన్నిటికీ ఒకే బూడిదరంగు ఇచ్చి, పట్టికలో ఆ రంగు నలుపును ఇరవై శాతానికి తగ్గించాను. ప్రింటు చక్కగా వచ్చింది. పైపు గీత ఒక్కటే కాగితం మీద నుంచి లేచి కనిపించింది.

మరునాడు ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

“నా బోరు యాడమ్మా?”

చూపించబోయాను. మిట్టమధ్యాహ్నపు వెలుగులో ఆ లేత వృత్తం నా కంటికే సరిగా ఆనలేదు.

“కాగితంలో లేకుంటే రేపు ఇంకో సారు వచ్చి ఈడ బోరే లేదంటాడు. అప్పుడు ఎవురితో చెప్పుకోల?”

“నిన్న గీతుండాదని కూకున్నావు, ఈ పొద్దు గీత లేదని కూకుంటావా వదినా?” మరిది నవ్వాడు. యంత్రం నడిపేవాడూ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అదే కాగితం పట్టుకొని తవ్వవలసింది ఆ యంత్రం నడిపేవాడే. హద్దు, గట్టు, దారి అతడు తెలుసుకోవలసినవి. బోరు అతడు తప్పించవలసినది. ఈ రెంటినీ ‘ఉన్నది’ అన్న ఒక్క మాట కింద చేర్చి ఒకే శాతంతో లేత చేయడం కుదరదు. సర్వే పటంలో బోర్లు విడి పొరలోనే ఉన్నాయి. ఆఫీసుకు తిరిగి వెళ్లి ఆ పొరకు వేరే రంగిచ్చి పూర్తి నలుపు పెట్టాను. మిగిలినవాటిని నలభై శాతానికి పెంచాను. బోరుకూ పైపుకూ నడుమ దూరాన్ని అంకెల్లో వేశాను.

మరుసటి రోజు తెచ్చిన మూడో కాగితం మీద ఆమె బోరు గుర్తుపై బొటనవేలు, పైపు గీతపై చూపుడువేలు ఆనించింది.

“నడుమ నిజంగా ఇంత జాగా ఉండాదా?”

“కొలిచి చూపిస్తాను, రండి.”

టేపు ఒక కొసను ఆమె స్వయంగా బోరు గొట్టానికి ఆనించి పట్టుకుంది. రెండో కొసను మరిది బండిదారి దాకా లాగాడు. కాగితంలోని అంకె పలికిన చోట నేను సున్నంతో గీత పోశాను. ఆమె అక్కడిదాకా నడిచి, వెనక్కి తిరిగి తన బోరును చూసుకుంది.

“మంచం ఎత్తప్పా,” అంది మరిదితో.

యంత్రం కదిలింది. నేను డ్రాయింగు కోసం చేయి చాపాను. ఆమె అప్పటికే దాన్ని నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకుంది.

“ఇది నా కాడే ఉండనీమ్మా. నా బోరు దీంట్లో ఉండాది.”

యంత్రం నడిపేవాడికి ఇంకో ప్రతి ఇచ్చాను.