ఆయన అప్పే అన్నారు

శాసనసభలో మాట్లాడేవాళ్ళకి ఎప్పుడూ లోటు లేదు, వినేవాళ్ళకే కరువు. అంత కరువులోనూ ఇరవై ఏడేళ్ళపాటు జీతం పుచ్చుకుని మరీ విన్న మనిషి ఒకామె ఉంది. అధ్యక్షుడి పీఠం కింద చిన్న బల్ల దగ్గర కూర్చుని, ఎవరేమంటే అది అన్నది అన్నట్టు షార్ట్‌హ్యాండ్‌ గీతల్లో రాసుకోవడం ఆమె ఉద్యోగం. ఒక్కో వంతు పది నిమిషాలు. వంతు అయిపోగానే మెట్లు దిగి కిందిగదికి వచ్చి, రాసుకున్నదంతా టైపు చేసి, పేజీ అడుగున పొట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేని పేజీ అచ్చుకి వెళ్ళదు. ఆఫీసులో అందరూ ఆమెని గీతలమ్మ అనేవాళ్ళు.

ఈ విద్య నేర్పింది మేనత్త. ఆవిడ కోర్టులో టైపిస్టు, నోటి దురుసు మనిషి. "అర్థమైంది రాయకే పిల్లా, వినపడింది రాయి. అర్థాలు తీయడానికి వాళ్ళకి వేరే మనుషులున్నారు" అని నెత్తి మీద మొట్టి మరీ చెప్పేది. గీతలమ్మ ఆ ఒక్క మాట పట్టుకునే ఉద్యోగం నెట్టుకొచ్చింది. మంత్రులు తడబడితే తడబాటు రాసింది, తిట్టుకుంటే తిట్లు రాసింది. చాలామంది పెద్దమనుషులు మర్నాడు తమ ప్రసంగం చదువుకుని మొహం మాడ్చుకునేవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఆమె ఎడమ చెవి మొరాయించింది. ఆఫీసు ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఎడమది దాదాపు పోయినట్టే, కుడిది నిక్షేపంగా ఉందని కాగితం మీద రాసింది. "ఇది మీకూ నాకూ మధ్య మాట" అని బీరువాలో పెట్టి తాళం వేసింది. గీతలమ్మ ఇంట్లో మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "ఇంకేం, ఇక మీదట తిట్టాలనిపిస్తే ఎడమ పక్కకొచ్చి తిడతాను. సంసారం చల్లగా సాగిపోతుంది" అన్నాడు. ఆమె నవ్వింది గానీ లోపల గుబులుగానే ఉంది. సంగతి బయటపడితే సభలో కూర్చోనివ్వరు. ఆ బల్ల దగ్గర నుంచి లేపేస్తే తానేమిటో ఆమెకే తెలియదు. అందుకని ఎడమవైపు సభ్యుడు లేచినప్పుడల్లా తల మొత్తం అటు తిప్పి వినడం అలవాటు చేసుకుంది. పిచ్చి మహారాజులు, తమ మాటల మీద ఆవిడకి ఎంత శ్రద్ధో అని మురిసిపోయేవాళ్ళు.

కుడివైపు రెండో వరసలో కూర్చునేవాడు కవరాయన. వచ్చిన ఉత్తరాల కవర్లు విప్పి, తిరగేసి, లోపలివైపు ప్రసంగాలు రాసుకునే మనిషి కాబట్టి ఆ పేరు. ప్రభుత్వం ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టినా ఆయన ప్రాణం గిలగిల్లాడిపోయేది. ఒకప్పుడు రెండేళ్ళు ఆర్థికమంత్రిగా చేశాడు.

ఆ రోజు సభ ముందుకొచ్చిన బిల్లు మామూలుది కాదు. సంక్షేమం పేరుతో ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలన్నీ, అంటే ఎవరింట్లో ఎందరు, ఎవరికేం జబ్బు, ఎవరి సంపాదన ఎంత అన్నవన్నీ ఒక కంపెనీకి అప్పగిస్తే, ఆ కంపెనీ ప్రభుత్వానికి కొత్త అప్పు ఇప్పిస్తుందట. కవరాయన లేచాడు.

"తాకట్టు పెట్టడానికి భూములైపోయాయి, భవనాలైపోయాయి. ఇక జనం గుట్టు ఒక్కటే మిగిలింది, దాన్నీ పెట్టేస్తారా? ఎవరి రోగం వాళ్ళింటి గుట్టు. అది ప్రభుత్వ ఆస్తి కాదు. పుట్టబోయే పిల్లల నెత్తిన అప్పు పెట్టి, దానికి నీతి అని పేరు పెట్టకండి!"

ఇంతలో అవతలి వరసలోంచి ఒకాయన లేచి, "మరి మీరు మంత్రిగా ఉన్నప్పుడు నీళ్ళ సంస్థ పేరు మీద తెచ్చిందేమిటి? లెక్కల్లో చూపించలేదే! మీరు చేసిందేమిటి?" అని అరిచాడు. సమయం అయిపోయిందని కవరాయన మైకు ఆపేశారు. రికార్డు చేసే యంత్రం మైకులో వచ్చిందే పట్టుకుంటుంది. కవరాయన కూర్చోలేదు. బల్ల పట్టుకుని నిలబడి, మైకు లేకుండానే అన్నాడు.

"నేను చేసిందీ అప్పే."

ఆ గోలలో విన్నవాళ్ళు తక్కువ. గీతలమ్మ విన్నది, రాసింది. ఆ మాటని రికార్డుల నుంచి తీసేయమని అధ్యక్షుడు చెప్పలేదు కాబట్టి రాయాల్సిందే.

మధ్యాహ్నం ఆమె ఇంకా టైపు చేస్తుండగానే కవరాయన కిందిగదికి వచ్చాడు. సభ్యులు తమ ప్రసంగం చూసుకుని అచ్చుతప్పులు దిద్దుకోవచ్చు, అది వాళ్ళ హక్కు. వెనకాలే సూపరింటెండెంటు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. గీతలమ్మ కన్నా పదేళ్ళు చిన్నవాడు, పై మెట్టు మీద మాత్రం ఎప్పుడూ కన్నేసి ఉంచేవాడు.

కవరాయన పేజీ తీసుకుని ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క అక్షరం దిద్దాడు. 'నేను చేసిందీ ఒప్పే.'

గీతలమ్మకి ఒళ్ళు మండింది. షార్ట్‌హ్యాండ్‌లో వేగం కోసం అచ్చులు వదిలేసి హల్లులే గీస్తారు. అప్పు, ఒప్పు, ఉప్పు, మూడింటికీ ఒకటే గీత. పక్కన పెట్టే చుక్కని బట్టి ఏదో తెలియాలి. ఆ గోలలో ఆమె చుక్క పెట్టలేదు. ఈ సంగతి ఆయనకి సూపరింటెండెంటే చెప్పి ఉంటాడు. ఉప్పు అని దిద్దనందుకు సంతోషించాలి.

"మీరు అప్పే అన్నారు సార్" అంది.

"గోలలో అలా వినపడిందేమోనమ్మా."

"వినపడిందే రాశాను."

"అది అచ్చులో వస్తే విచారణ వేస్తారు. మా పార్టీవాళ్ళు నన్ను బతకనివ్వరు."

"విచారణ సంగతి మీరు చూసుకోండి సార్. రాయడం వరకే నా పని. దీని మీద నేను సంతకం పెట్టను."

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "మేడమ్, మొండికేయకండి. మీకు ఎడమ చెవి వినపడదని ఇందులో ఉంది. తప్పు విన్నానని ఒక ముక్క రాసిచ్చేయండి, ఈ కాగితం ఇక్కడితో పోతుంది. లేదంటే పైకి వెళ్తుంది."

డాక్టరమ్మ బీరువాలో తాళం కింద ఉండాల్సిన కాగితం ఏ కాళ్ళతో నడిచి ఆయన జేబులో దూరిందో! రెండేళ్ళు మెడ నొప్పెట్టేలా తల తిప్పి తిప్పి కాపాడుకున్న గుట్టు అది. గీతలమ్మకి ఎక్కడ లేని కోపం వచ్చింది. కుర్చీ వెనక్కి తోసి నిలబడింది. పక్క బల్లల దగ్గర టైపు చప్పుడు ఆగిపోయింది.

"అందరూ వినండి. నాకు ఎడమ చెవి వినపడదు. రెండేళ్ళయింది. కుడి చెవి బ్రహ్మాండంగా వినపడుతుంది, ఆయన కూర్చునేది నాకు కుడివైపే!" అని కవరాయన వైపు తిరిగింది. "పొద్దున మీరే అన్నారు కద సార్, ఎవరి రోగం వాళ్ళింటి గుట్టని. అదీ నా దగ్గర రాసుంది. దాన్నీ దిద్దేస్తారా?"

కవరాయన ఆ కాగితాన్ని అందుకుని చూశాడు.

"ఇది నీకెవరిచ్చారయ్యా?" అని అడిగాడు. సూపరింటెండెంటు మళ్ళీ చేతులు నలుపుకున్నాడు.

కవరాయన ఆ కాగితం మడిచి గీతలమ్మ చేతిలో పెట్టాడు. ఎర్ర పెన్నుకి మూత పెట్టాడు. దిద్దుబాటు కింద సభ్యుడి సంతకం ఉంటేనే అది చెల్లుతుంది, ఆయన పెట్టలేదు. కాస్త వంగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు అచ్చులో 'అప్పే' అని వచ్చింది. విచారణ కూడా పడింది.

గుట్టు బయటపెట్టిన రోజు సాయంత్రం ఆమెకి ఒళ్ళు తేలికైన మాట నిజమే. ఏడుపొచ్చిందన్నదీ నిజమే. మొగుడు కుడిపక్కకే వచ్చి కూర్చున్నాడు.

వారం తిరక్కుండా బదిలీ ఉత్తర్వు వచ్చింది. సభ నుంచి తప్పించి, పాత సంపుటాలు దుమ్ము దులిపే గదికి వేశారు. 'ఆరోగ్య కారణాల వల్ల, ఉద్యోగిని స్వంత కోరిక మేరకు' అని రాసి, అడుగున ఆమె సంతకానికి ఖాళీ వదిలారు. సూపరింటెండెంటు వేలితో ఆ ఖాళీ చూపించాడు. గీతలమ్మ ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా చదివింది. పెన్ను తీసి 'స్వంత కోరిక మేరకు' అన్న మాటల మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. దాని పైన గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టింది.

'చెవి నాదే. కోరిక మీది.'