హంపమ్మ లామినేషన్ చేసిన పది ఫోటోలు

మైదుకూరులో ప్రొద్దుటూరు రోడ్డు పక్కన ఉన్న ఆ చిన్న స్టూడియోలో కెమెరా పట్టేది దేవేంద్రప్ప. మనిషిని ఫోటోకు కుదిరేట్టు కూర్చోబెట్టేది మాత్రం అతని భార్య హంపమ్మ.

"గడ్డం రవ్వంత దించు నాయనా. కెమెరాను కరిచేట్టు చూడొద్దు. ఊపిరి వదులు... ఆఁ, అట్ల," అనేది. గొంతు పెద్దగా లేచేది కాదు. అయినా ఎంత బిగుసుకున్నవాడి భుజాలైనా ఆ మాటకు కిందికి దిగేవి.

ఆమెది ఆలూరు పక్క పల్లె. ఐదో తరగతి కాగానే పత్తిచేలోకి పంపారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో డబ్బుల్ని "దుడ్లు" అంటే మైదుకూరోళ్ళు పడీ పడీ నవ్వారు. అప్పటినుంచి ఆమె నోరు తగ్గించి, కళ్ళతోనే పని నేర్చుకుంది. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, జెరాక్స్ తీయడం, అన్నిటికంటే ముఖ్యంగా లామినేషన్ మిషన్. రేషన్ కార్డు, పదో తరగతి మార్కుల జాబితా, కొండ నుంచి తెచ్చుకున్న దేవుడి పటం, ఏ ఇంట్లో ఏది పోగూడదనుకుంటే అది ఆమె చేతికొచ్చేది. వేడి వేడి ప్లాస్టిక్ తొడుక్కుని బయటికొచ్చేది. ఇంక దానికి చెద లేదు, తడి లేదు. కాపాడడం అంటే హంపమ్మకు తెలిసింది అదే.

ఇరవై ఐదేళ్ళ కింద, ఇంకా రీళ్ళ కాలంలో, దేవేంద్రప్ప ఆదివారం వస్తే మంగంపేట బస్సెక్కేవాడు. అక్కడి గనుల దగ్గర ముగ్గురాయి ఏరే ఆడకూలీలను నలుపు తెలుపులో తీసేవాడు. ఎవరూ తీయమన్నవి కావు, ఎవరూ కొన్నవీ కావు. చీకటి గదిలో తన చేత్తోనే కడిగి, దండెం మీద ఆరేసుకున్నాడు. ఒక వానాకాలం కప్పు కారి నెగటివులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మళ్ళీ ప్రింట్లు వేసే దారి పోయింది. ట్రంకుపెట్టెలో ఫోటోలు మాత్రం మిగిలాయి.

ఈ ఏడు కడపలో ఫోటోల ప్రదర్శన పెడుతున్నట్టు పేపర్లో పడింది. మనిషికి పది ఫోటోలు. ఫోటోల గురించి తెలిసినవాళ్ళు చూసి, నచ్చినవాటిని నెలరోజులు గోడకు ఉంచుతారు. దేవేంద్రప్ప ట్రంకు తెరిచి, ఏరడానికే పదిహేను రోజులు తీసుకున్నాడు.

"తలగుడ్డ ముసలామెను ఎందుకు తీసేస్తివి? ఎంత బాగుండాది," అంది హంపమ్మ.

"బాగుండాదని అన్నీ పెట్టగూడదు మే. ఇదే మాటను ఆ పక్క ఫోటో ఇంకా గట్టిగా చెప్తాండాది. ఒకే మాట రెండుసార్లు చెప్తే ఎవురు వింటారు?"

"నువ్వు నాకు ఒకే మాట వందసార్లు చెప్పలేదా?"

"నువ్వు విన్న్యావా మరి?"

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత అతను తల ఎత్తకుండానే అన్నాడు. "ముప్పై ఏండ్లు ఊరందరి మొగాలు తీసినా హంపీ. నా ఫోటోను ఒక్కరన్నా, తెలిసినోళ్ళు, నిలబడి చూడల్ల. అంతే."

కడపకు పోవడానికి రెండు రోజుల ముందు అతను కమలాపురంలో నిశ్చితార్థం ఫోటోలకు పోయాడు. హంపమ్మ పది ఫోటోలనూ బల్ల మీద పరిచి చూసింది. అంచులు ముడుచుకుంటున్నాయి. అక్కడ ఎంతమంది చేతులు పడతాయో, ఎంత దుమ్మో అనుకుంది. మిషన్ స్విచ్ వేసింది. పదీ ఒకదాని వెనక ఒకటి లోపలికి పంపి, చదునుగా ఉండాలని పైన జెరాక్స్ కాగితాల కట్టలు బరువు పెట్టింది.

సాయంత్రం వచ్చి దేవేంద్రప్ప ఆ కట్టలు తీశాడు. ఫోటోలు అద్దాల్లా మెరుస్తున్నాయి. పాత కాగితం మిషన్ వేడికి తట్టుకోలేక బొబ్బలెక్కింది. ముఖాల మీద, చేతుల మీద, రాళ్ళ మీద చిన్న చిన్న తెల్ల బుడగలు.

"బాగుండాయా?" అని అడిగింది.

"బాగుండాయి," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఎంతసేపు పట్టిందో ఆమె గమనించింది.

కడప హాల్లో ఫోటోలు ఏరడానికి వచ్చినామె పేరు జీవిత. మొదటి ఫోటో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచింది. "అన్నా, దీంట్లో పైన ట్యూబులైటు కనిపిస్తోంది, నా మొహం కనిపిస్తోంది. ఈ అమ్మ మాత్రం కనిపించడం లేదు."

కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ కదలకుండా నిలబడిపోయింది. పదీ చూసింది, మళ్ళీ మొదటినుంచి చూసింది.

"ఎంత దగ్గరికి వెళ్ళి తీశారు! ఆమె మిమ్మల్ని పట్టించుకోనే లేదు, తన పనిలో తనుంది. అట్లా రావడానికి ఎన్ని రోజులు తిరిగుంటారో." తర్వాత ఆమె గొంతులో కోపం వచ్చింది. "వీటిని ఇట్లా ఎవరు పాడుచేశారు? ఫోటోలను లామినేషన్ వాళ్ళ చేతికి ఇస్తారా ఎవరైనా?"

హంపమ్మ సంచి పట్టుకొని వెనకే నిలబడి ఉంది.

"నేనే చేసినా మేడం. తెలీక," అన్నాడు దేవేంద్రప్ప.

"సరే, మెరవని కాగితం మీద మళ్ళీ ప్రింట్లు వేయండి. చుట్టూ వెడల్పుగా తెల్ల అట్ట వదలండి, అప్పుడు చూపు మనిషి మీదే నిలుస్తుంది. బంగారు ఫ్రేములొద్దు. కింద పేరు, ఊరు, సంవత్సరం, అంతే. వచ్చే ఏడు తీసుకురండి. నేనే గోడకు పెడతాను."

"అట్లనే మేడం."

తిరుగు బస్సు ఖాజీపేట దాటినాక హంపమ్మ అడిగింది.

"చెడిపోయినాయని చూస్తానే తెలిసిపోయెనా నీకు?"

"ఊఁ."

"తిట్టకపోతివి. మరి ఎందుకు ఎత్తుకొస్తివి?"

"బుడగల సందులోనుంచైనా ఎవురన్నా చూస్తారేమోనని."

"చూసె గదా."

"చూసె. చూడకుండా పక్కన పడేసింటే ఇంత బాధ ఉండేది కాదు," అని అతను కిటికీ వైపు తిరిగాడు.

"మళ్ళీ మంగంపేటకు పో. కావాలంటే నేనూ వస్తా."

"ఆ ఆడోళ్ళు ఇంగ యాడుండారు హంపీ?"

మర్నాడు అతను స్టూడియో తెరవలేదు, పడుకునే ఉన్నాడు. హంపమ్మ బల్ల దగ్గర కూర్చుని ఒక ఫోటో తీసుకుంది. బ్లేడుతో అంచు కోసి, పసిబిడ్డకు అంటుకున్న చొక్కా విప్పినట్టు, ప్లాస్టిక్‌ను మెల్లగా లాగింది. మొదట రాళ్ళు ప్లాస్టిక్‌తోపాటే ఊడి వచ్చాయి. తర్వాత గంప పట్టుకున్న చేయి వచ్చింది. ఆపాలని తెలిసేలోగా ముఖం కూడా వచ్చేసింది.

కాగితం తెల్లగా మిగిలింది. ఆ మనిషి ప్లాస్టిక్ మీద, చర్మం ఒలిచినట్టు పల్చగా ఉంది. హంపమ్మ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. చెత్తలో వేయడానికి చేతులు రాలేదు. దాచే చోటూ కనిపించలేదు. లోపలి గదిలో దేవేంద్రప్ప దగ్గు వినిపించింది. ఆమె రెండు వేళ్ళతో ఆ తొక్కను పట్టుకుని, గాలికి కూడా కదలకుండా, అట్లే కూర్చుంది.